దెబ్బ ఎక్కడ, ఎలా, ఎప్పుడు: కమిలిన గాయాలు, నెత్తురు గడ్డలు, మెడికల్ కోడింగ్

కొల్లేటి లంకల్లో చెరువు పట్టుబడి చీకటుండగానే మొదలవుతుంది. ఎండెక్కేలోగా ఐసు పరిచిన ట్రేలు లారీ ఎక్కెయ్యాలి. ఆ హడావుడిలో తడి గట్టు మీద కాలు జారుతుంది, నిండు ట్రే తొడ మీద పడుతుంది, ఐసు దిమ్మ కింద వేలు నలుగుతుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి భుజం కమలడం రోజూ ఉండేదే. పదహారో నంబరు జాతీయ రహదారి మీద బండి జారినవాళ్లు, తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికులు, స్నానాలగదిలో జారిన పెద్దవాళ్లు సరేసరి. వీళ్లలో చాలామంది పసుపూ సున్నం కలిపి పట్టు వేయించుకుంటారు. నాలుగు రోజులు చూసి, తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతారు. అప్పటికీ తగ్గకపోతే ఏలూరు పెద్దాసుపత్రికి బయల్దేరతారు.

ఇవే ఊళ్లలో బీఫార్మసీయో, నర్సింగో, లైఫ్ సైన్సెస్ డిగ్రీయో చదివిన పిల్లలు హైదరాబాద్ అమీర్‌పేటలోనో విజయవాడలోనో కోచింగ్ తీసుకుని మెడికల్ కోడర్లు అవుతున్నారు. అమెరికాలో ఎవరికో మోకాలు కమిలితే అది కుడిదో ఎడమదో, ఎలా తగిలిందో, ఇది ఎన్నో దశ చికిత్సో చూసి అంకెల్లోకి మార్చే పని వాళ్లది. ఆ చిన్న వివరం రాయలేదని అక్కడి డాక్టర్ని నిలదీసే ప్రశ్న వీళ్ల కంప్యూటర్ నుంచే వెళుతుంది. అదే వివరం ఇంటి దగ్గర తండ్రి ఓపీ చీటీలో కనిపించదు. కమిలిన గాయం గురించి వైద్యం, న్యాయం, కోడింగ్ ఏమంటున్నాయో ఒకచోట చేర్చి చూస్తే మూడింటికీ కావలసింది ఒక్కటేనని తేలుతుంది: దెబ్బ ఎక్కడ, ఎలా, ఎప్పుడు తగిలిందో రోగి మంచం పక్కనే రాసి పెట్టడం.

చర్మం కింద జరిగేది

చర్మం తెగకుండా లోపలి సన్నటి రక్తనాళాలు చిట్లితే నెత్తురు కణజాలంలోకి ఇంకుతుంది. అదే కమిలిన గాయం. సూదిమొనంత చుక్కలుగా కనిపిస్తే వాటిని పెటికియా అంటారు, సెంటీమీటరు దాటి పరుచుకుంటే ఎకిమోసిస్. కాస్త పెద్ద నాళం తెగి, నెత్తురు ఒకచోట చేరి, చేతికి గట్టిగా తగిలేలా నిలిస్తే అది హెమటోమా, మన మాటలో నెత్తురు గడ్డ. పిల్లవాడి నుదుటి మీది బొప్పి కూడా ఈ కుటుంబానిదే. అక్కడ చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది కాబట్టి నెత్తురుకు లోపలికి పోయే దారి లేక పైకి ఉబ్బుతుంది.

గడ్డ కట్టిన చోట శరీరం శుభ్రం చేసే పని మొదలుపెడుతుంది. హిమోగ్లోబిన్ విడిపోయి ముందు ఆకుపచ్చని బిలివర్డిన్, ఆ తర్వాత పసుపుపచ్చని బిలిరుబిన్ అవుతుంది. పచ్చకామెర్లలో కళ్లకు రంగు తెచ్చేదీ ఈ బిలిరుబినే. మిగిలిన ఇనుము గోధుమరంగు హిమోసిడెరిన్‌గా కొన్నాళ్లు నిలుస్తుంది. చామనచాయ, నలుపు ఒంటి మీద ఈ రంగులు సరిగా తేలవు. అందుకే మన దగ్గర డాక్టరు కంటితో చూసి ఊరుకుంటే చాలదు. వాపుందా, నొక్కితే నొప్పుందా అని చేత్తో తడిమి చూడాలి.

మొదటి ఒకటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పావుగంటసేపు పెట్టడం, దెబ్బ తగిలిన భాగాన్ని ఎత్తులో ఉంచడం, దానికి విశ్రాంతినివ్వడం మంచిది. చెరువు గట్టు మీద ఐసుకి కొదవ లేదు కాబట్టి ఈ వైద్యం అక్కడే మొదలుపెట్టొచ్చు. దెబ్బ తగిలిన వెంటనే వేడి కాపడం పెట్టినా, గట్టిగా మర్దన చేసినా లోపలి నెత్తురు ఇంకా పాకుతుంది. పసుపు సున్నం పట్టుతో ఇంకో చిక్కుంది. అది చర్మానికి ఎర్రరంగు పులిమి అసలు కమిలిన మచ్చను కప్పేస్తుంది.

ఏది చిన్నది, ఏది ప్రాణాంతకం

నెత్తురు గడ్డ ఎంత పెద్దదన్నదాని కంటే ఎక్కడుందన్నదే ముఖ్యం. తొడలో అరలీటరు నెత్తురు చేరినా మనిషి తట్టుకుంటాడు. పుర్రె లోపల అంతకంటే ఎంతో తక్కువ చేరినా మెదడు నలిగిపోతుంది. ముక్కు మధ్యగోడలో చేరిన గడ్డను వెంటనే తీయకపోతే మృదులాస్థి చచ్చి ముక్కు కుంగుతుంది. ముంగాలిలోనో ముంజేతిలోనో బిగుతైన కండర పొర లోపల వాపు పెరిగితే రక్తప్రసారం ఆగి, కొన్ని గంటల్లోనే కండరం చనిపోతుంది. దెబ్బకు మించిన నొప్పి, వేళ్లు కదిపితే భరించలేని బాధ దానికి గుర్తులు.

తలలో రెండు రకాలు ముఖ్యం. కణత దగ్గర ఎముక పగిలి దాని కింది ధమని తెగితే పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య నెత్తురు చేరుతుంది. దీన్ని ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. బండి మీంచి పడి స్పృహ తప్పినవాడు లేచి, మంచినీళ్లు తాగి, బాగానే ఉన్నానని ఇంటికి వెళతాడు. కొన్ని గంటలకు మగతలోకి జారిపోతాడు. మధ్యలో బాగున్న ఆ కాసేపే ఇంటివాళ్లని మోసం చేస్తుంది. రెండోది సబ్‌డ్యూరల్. మెదడు నుంచి పై పొరకు వెళ్లే సన్నటి సిరలు తెగి నెమ్మదిగా ఊరే నెత్తురిది. వయసుతో మెదడు కుంచించుకుపోయిన వాళ్లకి, గుండెజబ్బుకో పక్షవాతానికో నెత్తురు పలచబడే మందులు వాడేవాళ్లకి చిన్న దెబ్బ చాలు. స్నానాలగదిలో జారిన సంగతి మరిచిపోయిన మూడు నాలుగు వారాలకు నడక తూలుతుంది, మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు, లేదా పక్షవాతమనుకుని ఇంకో నెత్తురు పలచబడే మాత్ర వేస్తారు. ఒక్క స్కానింగ్‌తో ఈ అనుమానం తీరుతుంది. 1971లో లండన్‌లో తొలి రోగికి సీటీ స్కాన్ తీసేదాకా డాక్టర్లకు ఆ సదుపాయం లేదు. చాలాసార్లు ఏ వైపు గడ్డ ఉందో ఊహించి పుర్రెకు రంధ్రం వేసి చూడాల్సి వచ్చేది.

తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, మగత కమ్మినా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యో కాలో బలహీనపడినా పట్టు వేసి చూసే వైద్యానికి చోటు లేదు.

రంగు చెప్పేది, చెప్పలేనిది

కమిలిన మచ్చ ఎన్నాళ్లదో రంగును బట్టి చెప్పడం న్యాయవైద్యంలో పాత పాఠం. హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పిన డాక్టర్ కె.ఎస్. నారాయణ రెడ్డి రాసిన ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకం దేశమంతటా వైద్యవిద్యార్థులు చదువుతారు. అందులో వరుస ఇలా ఉంటుంది: మొదట ఎరుపు, మూడో రోజు దాకా నీలం, నాలుగో రోజుకు నలుపు కలిసిన గోధుమ, ఐదారు రోజులకు ఆకుపచ్చ, ఏడు నుంచి పన్నెండు రోజుల్లో పసుపు, రెండు వారాలకు మామూలు రంగు. పరీక్షకు ఇది చాలు. బోనులో నిలబడ్డ డాక్టరుకు చాలదు. 1991లో లాంగ్‌లోయిస్, గ్రెషమ్ అనే ఇద్దరు ఫోటోలు తీసి పరిశీలించి తేల్చింది కొంచెమే: పసుపు కనిపిస్తే ఆ దెబ్బ తగిలి కనీసం 18 గంటలైనా అయి ఉంటుంది. పసుపు లేనంత మాత్రాన కొత్త దెబ్బ అనలేం. మిగతా రంగులు మనిషినిబట్టి, లోతునిబట్టి మారిపోతాయి.

చోటు విషయంలోనూ కమిలిన మచ్చ మోసం చేస్తుంది. నుదుటి మీద తగిలిన దెబ్బకు మర్నాడు కళ్లు నల్లబడతాయి. తొడ మీది నెత్తురు మోకాలి దగ్గర తేలుతుంది. లోతుగా కమిలిన గాయం ఒకటి రెండు రోజులదాకా బయటపడదు. అందుకే కొట్లాట కేసులో మొదటిరోజు ఇచ్చిన వూండ్ సర్టిఫికెట్‌లో లేని గాయం మూడో రోజు కనిపిస్తే అది అబద్ధం కానక్కర్లేదు. దొంగ మచ్చ కూడా ఉంటుంది. ఒకప్పుడు బట్టలకు గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి రసం చర్మానికి రాస్తే నల్లటి మచ్చ లేస్తుంది. అయితే దాని అంచు స్పష్టంగా ఉంటుంది, దురద పెడుతుంది, చిన్న పొక్కులు వస్తాయి. రాసుకున్నవాడి వేలికొనల మీదా అవే కనిపిస్తాయి. జిల్లేడు, చిత్రమూలం కూడా ఇందుకు వాడతారని న్యాయవైద్యులకు తెలుసు.

సర్టిఫికెట్‌లో రాసే ఒక్కో మాటకూ విలువుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు గాయం 114వ సెక్షన్, తీవ్ర గాయం 116వ సెక్షన్. పాత ఐపీసీలో 20 రోజుల తీవ్ర బాధ ఉంటే తీవ్ర గాయం కిందికి వచ్చేది, ఇప్పుడు 15 రోజులు చాలు. గాయం కొలత, చోటు, వైపు, రంగు రాయకుండా ‘ఒళ్లంతా కమిలిన దెబ్బలు’ అని వదిలేస్తే లాయరుకు అంతకంటే సులువైన వాదన దొరకదు.

కోడ్ పుస్తకం వేసే ప్రశ్నలు

రోగాలకు అంకెలిచ్చే పని చావుల లెక్కతో మొదలైంది. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియాన్ మరణకారణాల జాబితా తయారుచేశాడు. ఇప్పుడు ఐసీడీ అనే ఆ జాబితా 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. పదో కూర్పుకు 1990లో ఆమోదం దొరికింది. దాన్ని విస్తరించి అమెరికా తన ఆసుపత్రుల కోసం చేసుకున్న ఐసీడీ-10-సీఎం 2015 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అందులో 70 వేలకు పైగా కోడ్లున్నాయి. మన పిల్లలు రోజంతా వాడేది దీన్నే. పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నా అమెరికా ఇంకా పదోదానితోనే నడుస్తోంది.

కొత్త కోడర్‌కు ఎదురయ్యే మొదటి ఆశ్చర్యం సూచికలోనే ఉంటుంది. చర్మం తెగని దెబ్బ విషయంలో బ్రూయిజ్ కింద వెతికినా, హెమటోమా కింద వెతికినా పుస్తకం కన్‌ట్యూజన్ దగ్గరికే పంపిస్తుంది. చర్మం కింది గడ్డ ఎంత ఉబ్బిందన్నది కోడ్‌కు పట్టదు. దానికి కావలసిన వివరాలు వేరు. చేపల ట్రే పడి కుడి తొడ కమిలిన మనిషినే తీసుకుందాం. తొడ కన్‌ట్యూజన్‌కు ఎస్70.1, కుడి వైపుకు ఇంకో 1, ఖాళీ నింపడానికి ఒక ఎక్స్, చికిత్స ఇంకా నడుస్తోందని చెప్పే ఏ. అన్నీ కలిస్తే ఎస్70.11ఎక్స్ఏ. పైనుంచి వస్తువు పడిందని చెప్పడానికి డబ్ల్యూ20 వరుసలో ఒక కోడ్, కూలి పనిలో ఉండగా జరిగిందని చెప్పడానికి వై99.0. అదే మనిషికి ఐసు దిమ్మ కింద కుడి చూపుడువేలు నలిగి గోరు నల్లబడితే ఎస్60.121ఏ. గోరుకు రంధ్రం చేసి ఆ నెత్తురు తీస్తే, చికిత్సలకు వాడే సీపీటీ పుస్తకంలో దానికి 11740. పుర్రెకు రంధ్రాలు వేసి గడ్డ తీస్తే 61154.

ఇక్కడ రెండు నియమాల దగ్గర ఫ్రెషర్లు తడబడతారు. ఆ చివరి ‘ఏ’ని మొదటిసారి ఆసుపత్రికి రావడమని చదువుతారు. అది చికిత్స చురుగ్గా సాగుతోందన్న గుర్తు. మానుతున్న దశకు డి, ఆ గాయం మిగిల్చిన ఇబ్బందికి ఎస్. రెండోది, ఒకేచోట పెద్ద గాయముంటే చిన్నదాన్ని కోడ్ చెయ్యకూడదన్న నియమం. తొడ ఎముక విరిగితే దాని మీది కమిలిన గాయానికి వేరే అంకె లేదు. ఎముక విరిగినచోట కమలడం సహజం కదా.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న, అసలు దెబ్బ తగిలిందా లేదా అన్నది. వృద్ధుడి తలలో పాత సబ్‌డ్యూరల్ గడ్డ కనిపిస్తే, పడడం వల్ల వచ్చిందని డాక్టరు రాస్తే కోడ్ గాయాల అధ్యాయంలో ఎస్06.5 కింద పడుతుంది. దెబ్బతో సంబంధం లేనిదని రాస్తే రక్తప్రసరణ జబ్బుల అధ్యాయంలో ఐ62.03. అధ్యాయం మారితే బిల్లు మారుతుంది, బీమా కంపెనీ వేసే ప్రశ్న మారుతుంది, దేశం లెక్కలో ఆ మనిషి చేరే గడి మారుతుంది. డాక్టరు ఏదీ రాయకపోతే కోడర్ ఊహించకూడదు. డాక్టరుకు క్వెరీ, అంటే రాతపూర్వక ప్రశ్న, పంపాలి. ‘పడ్డాడు కదా?’ అని జవాబు నోటికందించేలా అడిగితే ఆడిట్‌లో దొరికిపోతాడు. కారణం ఏమిటో తెలియజేయండి అని తటస్థంగా అడగాలి.

దెబ్బ లేకుండా కమిలితే

కోడ్ పుస్తకం వైద్యుడికి నేర్పే మంచి అలవాటు ఇక్కడ కనిపిస్తుంది. దెబ్బే లేదంటే వెతకాల్సిన అధ్యాయాలు వేరు. కారణం తెలియని మచ్చలకు ఆర్23.3, మెత్తని కణజాలంలో దానంతటది చేరిన గడ్డకు ఎం79.81, ప్లేట్‌లెట్లు తగ్గితే డి69 వరుస, హిమోఫిలియాకు డి66. వార్ఫరిన్ లాంటి మందు వల్ల నెత్తురు కారితే డి68.32, దానితోపాటు మందు దుష్ప్రభావానికి టి45.515. వృద్ధుల ముంజేతుల మీద ఊరికే పడే ఊదారంగు మచ్చలు కూడా డి69 వరుసలోవే. డెంగీ రోజుల్లో చేతుల మీద లేచే ఎర్రచుక్కలూ ప్రమాద సూచనే. పసిపిల్లల నడుము మీద పుట్టుకతో వచ్చే నీలిమచ్చలు మన పిల్లల్లో మామూలు. వాటిని దెబ్బలనుకుని తల్లిదండ్రుల్ని అనుమానించే పొరపాటు విదేశాల్లో జరుగుతుంటుంది.

ఈ పుస్తకం ఎవరి నేల కోసం తయారైందో పాము కాటు దగ్గర తెలిసిపోతుంది. డెల్టా పొలాల్లో రక్తపింజర, అంటే పొడపాము, కరిస్తే నెత్తురు గడ్డకట్టే గుణం కోల్పోతుంది. చిగుళ్ల నుంచి కారుతుంది, కాటు చుట్టూ నల్లగా కములుతుంది, సూది గుచ్చినచోటల్లా గడ్డ లేస్తుంది. ఊళ్లో కండకు వేసే టీటీ ఇంజెక్షన్ కూడా అప్పుడు హానే. దీన్ని పట్టే పరీక్షకు పెద్ద ల్యాబు అక్కర్లేదు. శుభ్రమైన, పొడి, కొత్త గాజు పరీక్షనాళికలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి, మంచం పక్కనే 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. నెత్తురు ఇంకా జారుతుంటే విషం ఎక్కినట్టే, విషవిరుగుడు మందు మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ నాళికలో ఈ పరీక్ష నమ్మదగింది కాదు. మరి దీని కోడ్? అమెరికా రాటిల్ స్నేక్‌కి సొంత గడి ఉంది. నాగుపాముకి ఉంది. రక్తపింజర మాత్రం టి63.08లో, ఇతర ఆఫ్రికా, ఆసియా పాముల్లో ఒకటి. ఆ అంకెతో అమెరికా పని నడుస్తుంది. కొల్లేటి చుట్టూ ఏ పాము ఎందరిని కాటేస్తోందో తెలియాలంటే మన రికార్డే దారి. 2024లో కేంద్రం ప్రకటించిన జాతీయ ప్రణాళిక 2030 నాటికి పాముకాటు చావుల్ని సగానికి తగ్గిస్తామంటోంది. లెక్క లేకుండా సగం ఎంతో ఎలా తెలుస్తుంది?

ఏలూరు నేర్పిన పాఠం

తెలియనిదాన్ని తెలియదని రాయడం కూడా రికార్డులో భాగమే. 2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి కూలిపోసాగారు. కొద్దిరోజుల్లోనే బాధితులు వందల్లోకి చేరారు. మొదట నీళ్లన్నారు, గాలన్నారు. ఎయిమ్స్ పరీక్షల్లో నెత్తుటిలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. ఆ తర్వాత నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. అలాంటి రోజుల్లో ఏ కోడ్ వెయ్యాలి? అమెరికా ఓపీ నియమం ప్రకారం ‘కావచ్చు’, ‘అనుమానం’ అన్న మాటలకు అంకె వెయ్యకూడదు. కనిపించిన లక్షణాన్నే, అంటే ఫిట్స్‌ను, కోడ్ చెయ్యాలి. ఇన్‌పేషెంట్ విషయంలో మాత్రం డిశ్చార్జి నాటికి డాక్టరు రాసిన అనుమానాన్ని జబ్బుగానే కోడ్ చేస్తారు. ఫిట్స్‌లో పడి తల కమిలినవాడి చీటీలో తలగాయం ఒక్కటే రాస్తే, ఊరికి పట్టిన అసలు జబ్బు లెక్కలో ఒక మనిషి తగ్గిపోతాడు.

మన లెక్క ఎక్కడుంది

మన దగ్గర కోడ్లు లేవని కాదు. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ఆపరేషన్లకూ చికిత్సలకూ తన కోడ్లు పెట్టుకుంది. మరణకారణ ధ్రువీకరణకు ఐసీడీ వాడతారు. 2021 సెప్టెంబరులో మొదలైన డిజిటల్ ఆరోగ్య మిషన్ రోగి రికార్డును ఒక నంబరుకు ముడిపెడుతోంది. ఇవన్నీ పెద్ద చికిత్సను, చావును, గుర్తింపును పట్టుకునేవి. తొడ కమిలి, ఓపీలో నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని వెళ్లిన కూలీ వీటిలో దేనికీ అందడు. చేపల చెరువుల మీద ఏడాదికి ఎంతమంది జారిపడుతున్నారు, ఏ పనిలో, ఏ వేళలో అన్నది తెలిస్తేనే గట్టుకు మెట్టు కట్టాలో, లైటు పెట్టాలో, ట్రే బరువు తగ్గించాలో ఎవరైనా చెప్పగలిగేది.

కోడర్ల శిక్షణలోనూ ఇదే లోపం అటువైపు నుంచి కనిపిస్తుంది. కోడర్ల అర్హత పరీక్ష సీపీసీలో వంద ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం వస్తే పాస్. ఉద్యోగంలో 95 శాతం కచ్చితత్వం అడుగుతారు. ఆ ఒత్తిడిలో కోచింగ్ సెంటర్లు అంకెలూ నియమాలూ బట్టీ వేయిస్తాయి. చర్మం కింద ఏ పొరలో నెత్తురు చేరిందో బొమ్మ గీసి చూపేవి తక్కువ. ఛార్టులో హెమటోమా అన్న మాట పట్టుకుని కోడ్ సూచించడం ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది. ఛార్టులో లేనిదేమిటో గమనించి అడగడం శరీరం తెలిసినవాడికే చేతనవుతుంది. ఈ ఉద్యోగం నిలబడాలంటే నేర్వాల్సింది ఆ విద్య.

చెయ్యాల్సిన పని చిన్నది, ఖర్చు లేనిది. 2023లో తరగతులు మొదలైన ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులకు తొలి ఏడాది నుంచే గాయం రాసే పద్ధతి అలవాటు చేయొచ్చు: చోటు, వైపు, కొలత, ఎలా తగిలింది, ఎప్పుడు తగిలింది, నెత్తురు పలచబడే మందు వాడుతున్నాడా. ఓపీ చీటీ మీద ఈ ఆరూ ముందే అచ్చువేస్తే నింపడానికి ఒక్క నిమిషం పడుతుంది. రోజంతా ఇదే వెతికే మన కోడర్లకన్నా దీన్ని నేర్పగలవాళ్లు ఎవరున్నారు? సెలవుకి ఊరొచ్చినప్పుడు ఇంట్లోవాళ్ల చీటీ చదివి, లేనిది రాయించమని డాక్టర్ని అడగడంతో మొదలుపెట్టినా చాలు. అమెరికా డాక్టర్ని నిత్యం అడుగుతున్న ప్రశ్నే కదా అది.